ఎరుపంటే క్షేమం

ల్యాబ్‌లో అందరూ పూతల మాస్టారని పిలిచే పెద్దమనిషి పొద్దున్నే టీ తాగి, సింకు పక్కన కూలబడి ప్రాణం విడిచాడు. కుడిచేతిలో చిన్న గాజు ట్యూబు. ఎడమచేతిలో ఇంకా వెలుగుతున్న అల్ట్రావయొలెట్ టార్చి. ఆ టార్చి కింద ట్యూబు ముచ్చటగా, పచ్చగా మెరుస్తోంది.

పోలీసు అధికారి వంగి చూశాడు. పక్కనే ఒలికిన టీ కప్పు చూశాడు. మళ్లీ ట్యూబు చూశాడు.

"పాపం, టీ మీద అనుమానమొచ్చి పరీక్ష చేసుకున్నట్టున్నారు. పచ్చగానే ఉందిగా! అంటే టీలో ఏమీ లేనట్టే. గుండెపోటు."

డాక్టరు తలూపాడు. ఆ అధికారిని తప్పుపట్టి లాభం లేదు. కూడలిలో పచ్చలైటు చూసి బండి ముందుకు పోనిచ్చే అలవాటు మనందరిదీ. ఎరుపు చూస్తే ఆగుతాం, పచ్చ చూస్తే ఊపిరి పీల్చుకుంటాం. ఈ ట్యూబు ఆ అలవాటుకు లొంగేది కాదని ఆయనకేం తెలుసు?

తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది. పోయినాయన భార్య. ఆమెదీ అదే ల్యాబు, అదే తెల్లకోటు. ఆమె ఏడవలేదు, అరవలేదు. మొగుడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి ట్యూబు తీసుకుంది. బిరడా బిగించింది. కోటు జేబులో వేసుకుంది. కారిడార్లోకి నడిచి ఫోను తీసింది.

"ఒరేయ్, మీ బావ పోయాడురా. చంపేశారు. ముందు నీ ఆఫీసు మనిషిగా రా. తమ్ముడిగా తర్వాత ఏడుద్దువుగాని."

* * *

ఆ తమ్ముడు సీక్రెట్ సర్వీస్‌లో ఏజెంట్. అక్కడ అతన్ని నత్త అంటారు. నడక నెమ్మది, మాట నెమ్మది, అన్నం తినడం మరీ నెమ్మది. గూఢచారి అంటే గోడలు దూకాలి, కార్లు తిరగేయాలి అనుకునేవాళ్లు అతన్ని చూస్తే నీరసపడిపోతారు. అతను ఎక్కడికెళ్లినా ఎవరూ రెండోసారి చూడరు. ఆ ఉద్యోగానికి అంతకంటే పెద్ద అర్హత లేదు.

అక్క అతన్ని కోల్డ్ రూమ్‌లోకి తీసుకెళ్లి తలుపు వేసింది. లోపల చలి ఎముకలు కొరుకుతోంది. ఇనుప అరల నిండా గోధుమరంగు సీసాలు.

"చెప్పక్కా."

"మేం చేసింది ఏంటో నీకు ఎప్పుడూ చెప్పలేదు కదా?"

"నేనెప్పుడూ అడగలేదు. మీరిద్దరూ అన్నం దగ్గర కూడా పాలిమర్ పాలిమర్ అంటుంటే లేచిపోయేవాణ్ని."

ఆమెకు నవ్వొచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. జేబులోంచి ట్యూబు తీసి టార్చి వేసింది. పచ్చ వెలుగు ఆమె ముఖం మీద పడింది.

"ఇందులో కంటికి కనిపించనంత చిన్న కణాలుంటాయి. నానో పార్టికల్స్. ఈ లైటు పడితే పచ్చగా వెలుగుతాయి. వాటికి పాలిమర్ పూత వేస్తాం, నీళ్లలో ముద్దకట్టకుండా. ఆ పూత పని మీ బావది. కణం మీద చిన్న చిన్న ప్రొటీన్ దారాలు. దారం చివర ఎర్ర రంగు బిందువు. ఇది నా పని."

"సరే."

"బిందువు దగ్గరగా ఉన్నంతసేపు కణం తన శక్తిని దానికి ఇచ్చేస్తుంది. తాకకుండానే. అప్పుడు కణం మసకబారుతుంది, బిందువు వెలుగుతుంది. ట్యూబు ఎర్రగా కనిపిస్తుంది. ఇప్పుడు కత్తెర అనే విషం ఉంది చూడు..."

నత్తకు కత్తెర సంగతి తెలుసు. సర్వీస్‌లో ఆ పేరు గొంతు తగ్గించి పలుకుతారు. రంగు లేదు, రుచి లేదు. ఒంట్లోకి వెళ్లాక నరాల్లో ప్రొటీన్లని ముక్కలు చేస్తుంది, మనిషి ఊపిరి మరిచిపోతాడు.

"అది మా దారాన్ని కూడా కోస్తుంది. బిందువు ఊడి దూరంగా కొట్టుకుపోతుంది. శక్తి తీసుకునేవాళ్లు లేరు. కణం మళ్లీ పచ్చగా వెలుగుతుంది."

నత్త వేలితో ట్యూబుని చూపించాడు.

"అంటే ఎరుపు..."

"ఎరుపంటే క్షేమం. పచ్చంటే చావు. మీ బావ చివర్లో నాకు చెప్పిన మాట ఇది. టార్చి వేసి పట్టుకుని మరీ చెప్పాడు."

నత్తకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఎవరైనా పెద్దవాళ్లు 'మీ కాపురం పచ్చగా ఉండాలి' అని దీవిస్తే, బావ రెండు చేతులూ అడ్డం పెట్టి 'అంత మాట అనకండి బాబూ' అనేవాడు. అందరూ తెల్లబోయేవాళ్లు. మొగుడూ పెళ్లాలు మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఎందుకో నత్తకు ఇన్నాళ్లకు, ఈ చలిగదిలో అర్థమైంది.

"ఈ తిరకాసు ఎవరెవరికి తెలుసు?"

"మాకిద్దరికే. కావాలనే దాచాం. రేపు అవతలి దేశంతో జరిగే చర్చల్లో తాగే నీళ్లు పరీక్ష చేసేది నేను. 'క్షేమం' అనో 'వద్దు' అనో చెప్పేది నేను. రంగు అర్థం మూడోవాడికి అక్కర్లేదు. మీ ఆఫీసు పెద్దాయనకు కూడా చెప్పలేదు."

"బావ ఎవరికైనా..."

"నిద్రలో కూడా చెప్పడు," అంది ఆమె, మాట పూర్తికాకుండానే. తర్వాత కింది అర వైపు చూపించింది. వరుసలో ఒక సీసా ఖాళీ. "ఇక్కడ గుడ్డిది ఉండాలి. ఇదివరకు పాడైన బ్యాచ్. పూత మరీ మందంగా పెరిగిపోయి దారాలన్నీ లోపలే పూడిపోయాయి. కత్తెర లోపలికి దూరలేదు. ఎంత విషం పోసినా ఎర్రగానే ఉంటుంది. పారేయకుండా దాచాడు, ఎక్కడ తప్పు జరిగిందో చూస్తానని. ఇప్పుడు లేదు."

"ఎక్కడుంటుంది?"

"రేపటి పరీక్షకు సీలేసి మీవాళ్ల సేఫ్‌లో పెట్టిన సీసాలో. అలా కాకపోతే మీ బావని ఎందుకు చంపుతారు? ఇది పోయిందని కనిపెట్టి ఉంటాడు."

"కొత్త బ్యాచ్ చేయలేవా?"

"పూత ఎదగడానికే రోజులు పడతాయిరా. కళ్లున్న బ్యాచ్‌లో మిగిలిన నాలుగు చుక్కలూ ఈ ట్యూబులోనే అయిపోయాయి."

* * *

సర్వీస్ ఆఫీసు పైకి బట్టల డ్రైక్లీనింగ్ షాపు. కౌంటర్ దగ్గర "కోటు మీద మరక పోలేదు" అంటే లోపలి తలుపు తెరుచుకుంటుంది. నిజంగానే మరక పోక తిట్టడానికి వచ్చిన ఒక పెద్దావిడ ఒకసారి లోపలిదాకా వచ్చేసింది. అయినా కోడ్ మార్చలేదు. మార్చడానికి పైనుంచి ఆర్డర్ రావాలట.

పెద్దాయన బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. చీఫ్. బట్టతల, రెండు కళ్లజోళ్లు, ఒకటి నెత్తిమీద మరిచిపోయి.

"మీ బావ సంగతి విన్నాను. గుండెపోటట. నీకు సెలవిచ్చే పరిస్థితి లేదు."

"నేనడగలేదు సార్."

"రేపు అవతలి దేశం మంత్రి మన బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆయన సంతకం పెడితే సరిహద్దులో తుపాకులు ఆగుతాయి. ఆయన మన నీళ్లు తాగి చస్తే, ఈసారి యుద్ధం ఆపడానికి ఏ పక్కా ఎవరూ మిగలరు. యుద్ధం ఆగకూడదనుకునే ముఠా ఒకటుంది, బయటిది. వాళ్లు రేపు కత్తెర వాడబోతున్నారు. ఈ కబురు తెచ్చింది ఈవిడే."

కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి ఇటు తిరిగింది. బూడిదరంగు సూటు, చెవులకు ముత్యాలు, చూసినవాళ్లు చెప్పబోయే మాట మరిచిపోయేంత అందం. కోడ్ నేమ్ నెమలి. ముఠాలో వాళ్ల మనిషిగా తిరుగుతూ వాళ్ల గుట్టు మనకు మోస్తుందని పెద్దాయన నమ్మకం. రేపు మంత్రి పక్కన ఇంటర్‌ప్రెటర్ ఆవిడే.

"మీ బావగారు చాలా మంచివారు. నిన్నగాక మొన్న కూడా మాట్లాడాను," అంది మెత్తగా. "మీరేం కంగారు పడకండి. వాళ్లు విషం కలిపినా మీ అక్కగారి పరీక్షలో దొరికిపోతుంది కదా."

"ఆ పరీక్ష ఎలా పనిచేస్తుందో మీకు తెలుసా?"

"నాకా?" నవ్వింది. "సైన్సంటే చిన్నప్పటి నుంచీ ఆమడదూరం. ఏదో రంగు మారుతుందట, అంతే."

నత్త తల గోక్కున్నాడు. మాటల్లో తప్పు పట్టడానికేం లేదు. కానీ కబురు తెచ్చిన మనిషి, కాపలా పెంచమనలేదు, నీళ్లు మార్చమనలేదు. అంతా ఆ పరీక్ష మీదే వదిలేయమంటోంది. అతను అక్కడ గుడ్డి సీసా ఊసెత్తలేదు.

ఆవిడ వెళ్లాక పెద్దాయన్ని అడిగాడు. "రేపటి నీళ్ల కూజా మార్చేయొచ్చా సార్?"

"కుదరదు. రెండు దేశాల సీళ్లు పడ్డాయి. పరీక్ష తర్వాత దాని దగ్గరికి చీమ కూడా రాదు. ఇంటర్‌ప్రెటర్ ఒక్కతే పోస్తుంది. ఏం, ఏమైనా తెలిసిందా?"

"తెలిస్తే చెప్తాను."

పెద్దాయన అతన్ని నిదానంగా చూశాడు. "రుజువు లేకుండా విషమని అరిచావనుకో, మనమే చర్చలు చెడగొట్టామంటారు. అదీ యుద్ధమే. గుర్తుంచుకో."

* * *

చర్చల భవనం పక్కగదిలో నత్త వెయిటర్ వేషంలో ఉన్నాడు. తెల్లచేతొడుగులు, నల్లటి బో టై. పట్టుకున్న ట్రే అడుగున పిస్టల్ అతికించి ఉంది. గుండీలో మైకు. పెద్దాయన చెవికి అది వినబడుతుంది, ఈ మాటు బ్యాటరీ వేయడం మరిచిపోకపోతే.

కాపలావాళ్లు సేఫ్ లోంచి తెచ్చిన సీసాకి అక్క సీలు తీసింది. ఒక ట్యూబులో కొంచెం పోసింది. టార్చి వేస్తే ఎర్రగా వెలిగింది. ఆ తర్వాత జేబులోంచి రెండో ట్యూబు తీసింది. బావ చేతిలోది. అందులో బావని చంపిన టీ ఉంది.

"కత్తెర నమూనా మా దగ్గరున్నది కూడా ఎత్తుకుపోయారు. ఇక దీన్ని పరీక్షించడానికి లోకంలో నాకు మిగిలింది ఇదొక్కటే," అంది. మామూలు నమూనాలాగే బిరడా తీసింది. అది చూడటం నత్తకు ఏడుపు చూడటం కంటే కష్టంగా ఉంది.

ఒక్క చుక్క వేసింది. కాసేపు ఆగారు. ఎరుపు ఎరుపుగానే ఉంది.

"గుడ్డిది," అంది అక్క.

"అంటే కూజాలో విషం ఉంది."

"ఉంది. నిరూపించే దారే లేదు." గోడకు ఆనుకుంది. "ఏం చేద్దాంరా? ఇది ఎర్రగా వస్తుంది, నేను క్షేమమనాలి, అందరూ తాగాలి. వద్దంటే ఏ ఆధారంతో అన్నావంటారు."

నత్త చేతొడుగు సర్దుకున్నాడు. అంతకుముందు రాత్రంతా నమిలిన మాటని నెమ్మదిగా బయటపెట్టాడు.

"నువ్వేమీ అనొద్దు. ట్యూబు పైకెత్తి అందరికీ చూపించు. నోరు మాత్రం తెరవకు."

"ఎందుకు?"

"ఎరుపు చూస్తే లోకంలో ఎవడైనా భయపడతాడు. భయపడితే ఎవరూ తాగరు. తాగకపోతే వాళ్ల పథకం నీళ్లపాలు. కాబట్టి ఆ గదిలో ఎవరో ఒకరు భయపడొద్దని చెప్పి తీరాలి. చెప్పాలంటే వాళ్లకు మీ రంగు తెలిసుండాలి."

అక్క ముఖం ఒక్కసారి పాలిపోయింది. "తెలిసిందంటే... మీ బావే చెప్పాడన్నమాట."

నత్త ట్రే అందుకుని తలుపు తీశాడు.

* * *

పొడవాటి బల్ల. ఇటు మనవాళ్లు, అటు వాళ్లు. మధ్యలో కాగితాలు, కలాలు, సీళ్లు వేసిన గాజు కూజా. మంత్రి ముసలాయన. దగ్గుతున్నాడు. నీళ్ల కోసం అప్పటికే రెండుసార్లు చూశాడు. ఆయన కుర్చీ పక్కన నెమలి.

అక్క కూజా సీలు విప్పింది. నీళ్లు కొంచెం ట్యూబులో తీసుకుంది, సీసాలోంచి చుక్క వేసింది. కర్టెన్లు దించారు. టార్చి వెలిగించి ట్యూబు తలపైకి ఎత్తింది.

నెత్తుటి ఎరుపు.

కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు. ఎవరో "అయ్యో" అన్నారు. అవతలి సైన్యాధికారి లేచి చెయ్యి నడుం దగ్గరి పిస్టల్ మీద వేశాడు. మనవాళ్ల కాపలాదారు కూడా వేశాడు. మనవాళ్ల వెనక నిలబడ్డ పెద్దాయన నుదుటి మీద చెమట పట్టింది. మంత్రి భుజం పట్టుకుని ఒకడు ఆయన్ని లేపబోయాడు. అక్క అలాగే నిలబడింది. పెదవి విప్పలేదు.

గోడ పక్కన ట్రేతో నిలబడ్డ నత్త, ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. భయం, భయం, కోపం, భయం. నెమలి ముఖంలోనూ భయమే. చాలా బాగా నటించింది. కానీ మంత్రి కుర్చీలోంచి సగం లేచాడు. ఆయన గుమ్మం దాటితే అంతా అయిపోయినట్టే. నెమలి కళ్లు ఒకసారి గుమ్మం వైపు, ఒకసారి కూజా వైపు తిరిగాయి.

అప్పుడు ఆవిడ నవ్వింది. మంత్రికి ఆయన భాషలో ఏదో చెప్పి కూర్చోబెట్టింది. తర్వాత అందరికీ వినబడేలా మన భాషలో అంది.

"కంగారు పడకండి. మేడమ్ నిన్ననే భర్తను పోగొట్టుకున్నారు, పాపం, చెప్పడం మరిచిపోయినట్టున్నారు. ఎరుపంటే క్షేమమే కదా మేడమ్?"

గది తేలికపడింది. ఎవరో కర్టెన్లు లాగారు. అక్క ఆవిడ వంక చూసింది. పెళ్లయిన నాటి నుంచి నమ్మిన మనిషి ఆ ఒక్క మాటతో ఆమెకు రెండోసారి చచ్చిపోయాడు.

నెమలి అప్పటికే గ్లాసు నింపేసింది. మంత్రి దగ్గుతూ అందుకున్నాడు. గ్లాసు పెదవుల దాకా వెళ్లింది.

నత్త జీవితంలో మొదటిసారి పరిగెత్తాడు. పరిగెత్తడం అలవాటు లేక కాలికి కాలు తగిలి, ట్రేతో సహా బల్ల మీద పడ్డాడు. గ్లాసు ఎగిరిపోయింది. కూజా పక్కకు ఒరిగింది. అతను పడుకునే ఒక చేత్తో కూజా మెడ పట్టుకున్నాడు, రెండో చేత్తో నెమలి మణికట్టు.

"మన్నించాలి," అన్నాడు గట్టిగా. తర్వాత ఆవిడకు మాత్రమే వినబడేలా, "సైన్సంటే ఆమడదూరం అన్నారు?"

కూజాలో అడుగున నీళ్లు మిగిలాయి. అవి ఇంకో గ్లాసులో వంచి, వెయిటర్ మర్యాదతో ఆవిడ ముందు పెట్టాడు. "క్షేమమన్నారు కదా. మీరు ముందు తాగండి."

మంత్రి చూస్తున్నాడు. సైన్యాధికారి చూస్తున్నాడు. ఏ భాషా అక్కర్లేని ప్రశ్న అది. నెమలి గ్లాసు ఎత్తింది, పెదవుల దాకా తీసుకెళ్లింది, అక్కడే ఆగిపోయింది. నెమ్మదిగా కింద పెట్టేసింది.

"నాకు దాహంగా లేదు," అంది.

అంతకంటే రుజువు ఎవరికీ అక్కర్లేకపోయింది. ముసలి మంత్రి ఆ గ్లాసుని వేలితో దూరంగా జరిపి, సైన్యాధికారికి కూర్చోమని సైగ చేశాడు.

* * *

కారిడార్లో నెమలి చేతులకు బేడీలు వేస్తుంటే అక్క ఎదురొచ్చి నిలబడింది.

"ఆయన నీకెందుకు చెప్పాడు? నీలో ఏం చూసి చెప్పాడు?"

నెమలి జుట్టు సవరించుకుంది. ఓడిపోయినా ఆ అందం చెక్కుచెదరలేదు. "నన్ను చూసి కాదు. నా ఐడెంటిటీ కార్డు చూసి. మీ సర్వీస్ కార్డే. సెక్యూరిటీ ఫైలుకి కావాలన్నాను. ముందు కుదరదన్నాడు. పరీక్ష చేసేటప్పుడు మీ ఆవిడకు ఏమన్నా అయితే రంగు చదివేవాళ్లుండరు, మంత్రి ప్రాణం పోతుందన్నాను. ఆ మాటకు లొంగిపోయాడు. సీళ్లు పడకముందే సీసాలు మార్చింది నేను, కూజాలో కత్తెర కలిపింది మావాళ్లు. సీసా పోయిందని కూడా మొదట నాకే ఫోన్ చేశాడు, సర్వీస్ మనిషినని." బేడీల వైపు చూసుకుంది. "టీ నేనే తీసుకెళ్లాను."

పెద్దాయన గోడ పట్టుకున్నాడు. "ల్యాబ్ కాపలా చూసి రమ్మని ఆవిణ్ని పంపింది నేనే అమ్మా. రంగు అడగమని మాత్రం..." మిగతా మాట మింగేశాడు. అడగమనలేదు నిజమే. అడగకుండా ఆపిందీ లేదు.

అక్క జేబులో ట్యూబుని గట్టిగా పట్టుకుంది. మొగుడు తనను మోసం చేయలేదు. నమ్మకూడని చోట నమ్మాడు, అంతే. అది తెలిసి గుండె తేలికపడిందా, ఇంకా బరువెక్కిందా? రెండూ నిజమే. నత్త ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆఫీసు మనిషి పని అయిపోయింది. తమ్ముడు అప్పుడు ఏడ్చాడు.

సాయంత్రానికి సంతకాలయ్యాయి. బయటికి వెళ్తూ ముసలి మంత్రి అక్క దగ్గర ఆగాడు. మన భాషలో ఆయనకు వచ్చింది ఒకే ఒక్క వాక్యం. ఈ ప్రయాణం కోసం ఎంతో శ్రమపడి నేర్చుకున్నాడట. రెండు చేతులూ జోడించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అన్నాడు.

"మీ ఇల్లు... పచ్చగా... ఉండాలి."

అక్క నిన్నటి నుంచి బిగబట్టుకున్నదంతా ఆ ఒక్క మాటకు తెగిపోయింది. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"అంత మాట అనకండి బాబూ!"

మంత్రి తెల్లబోయి కొత్త ఇంటర్‌ప్రెటర్ వైపు తిరిగాడు. అతను పాపం కాసేపు ఆలోచించి, ఆవిడ థాంక్స్ చెప్పిందని తర్జుమా చేశాడు.